ఏ ఇంటి గొడవతో మొదలుపెట్టాలి? ఐదు రష్యన్ పుస్తకాల పోలిక

రష్యన్ సాహిత్యం చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగితే చాలామంది ఆలోచించకుండా ‘కరమజోవ్ సోదరులు’ అనేస్తారు. అడిగినవాళ్లు పుస్తకం కొంటారు. మఠంలో జరిగే మొదటి పెద్ద రభస దాకా వస్తారు. ఎవరు ఎవరికి ఏమవుతారో అంతుపట్టక అల్మారాలో పెట్టేస్తారు. తప్పు పుస్తకానిదీ కాదు, చదివినవాళ్లదీ కాదు. వరస తప్పింది, అంతే.

19వ శతాబ్దపు రష్యన్ రచయితలు దేవుడి గురించి అడగాల్సిన ప్రశ్నలు చాలావరకు ఇంట్లోనే అడిగారు. వాటాలు పంచుకునే చోట, విడాకుల కాగితం అడిగే చోట, కొడుకు మంచం పక్కన, నమ్మకం నిలబడుతుందా కూలిపోతుందా అని చూశారు. అందుకే ఎంపిక కూడా అక్కణ్ణుంచే మొదలవ్వాలని నా వాదన. రచయిత పేరు ఎంత పెద్దదని కాదు, ఆ ఇంట్లో గొడవ దేనిమీద అని చూసుకోండి.

ఇక్కడ ఐదింటిని తీసుకున్నాను: తుర్గేనెవ్ ‘తండ్రులూ కొడుకులూ’ (1862), టాల్‌స్టాయ్ ‘అన్నా కరేనినా’ (1875–77లో పత్రికలో ధారావాహికగా, 1878లో పుస్తకంగా), సల్తికోవ్-షెడ్రిన్ ‘గొలవ్ల్యోవ్ కుటుంబం’ (1880), దోస్తొయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’ (1879–80), మళ్లీ టాల్‌స్టాయ్‌దే ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ (1886). ‘యుద్ధమూ శాంతీ’, ‘నేరమూ శిక్షా’ కావాలనే వదిలేశాను. మొదటిదాంట్లో యుద్ధం, రెండోదాంట్లో ఒక్కడి మనసు ముందుకొస్తాయి, ఇంటిపోరు పక్కకు తప్పుకుంటుంది. కరమజోవ్‌లో హంతకుడెవరో ఇక్కడ బయటపెట్టను. మిగతావాటిలో ఎవరు చచ్చిపోతారో దాచడం లేదు.

ముందు చూసుకోవాల్సినవి

గొడవ దేనిమీద అన్నది మొదటిది. ఆస్తి తగాదాలు చూసి విసిగిపోయిన మనిషికీ, పెళ్లి చెడిన మనిషికీ ఒకే పుస్తకం నప్పదు.

రెండోది, నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ ఇంట్లో భక్తి ఏం పని చేస్తోంది? ఊరట ఇస్తోందా, వాదనకు దిగుతోందా, ముసుగుగా పనికొస్తోందా? ఈ ఐదు పుస్తకాల్లోనూ దేవుడి ప్రస్తావన ఉంది, కానీ ఆ ప్రస్తావన తెచ్చేవాళ్ల అవసరాలు వేరు.

మూడోది తీర్పు. ఎవరిది తప్పో రచయిత తేల్చేస్తాడా, మన నెత్తిన పడేస్తాడా? తేల్చకపోతే కొందరికి నిద్ర పట్టదు, తేల్చేస్తే కొందరికి నచ్చదు. ఇక చివరిది ఓపిక, అంటే పేజీలూ పేర్లూ.

| పుస్తకం | గొడవ దేనిమీద | భక్తి చేసే పని | తీర్పు ఎవరిది | సుమారు పేజీలు |
|---|---|---|---|---|
| తండ్రులూ కొడుకులూ | తరాల తేడా, అభిప్రాయాలు | ముసలివాళ్ల ఆఖరి ఆసరా | రచయిత ఎవరి పక్షమూ పట్టడు | 200–250 |
| అన్నా కరేనినా | పెళ్లి, విడాకులు, బిడ్డ | ఒకచోట క్షమ, ఇంకోచోట కక్ష | దేవుడిదని మొదట్లోనే రాసి ఉంటుంది | 800 పైన |
| గొలవ్ల్యోవ్ కుటుంబం | ఆస్తి, వాటాలు, తిండి | ముసుగు | సందేహానికి తావులేదు | 300 |
| కరమజోవ్ సోదరులు | డబ్బు, ఒకే స్త్రీ, తండ్రిమీద పగ | వాదన, పరీక్ష | కోర్టుది ఒకటి, మనది ఒకటి | 800 |
| ఇవాన్ ఇల్యీచ్ మరణం | పైకి ఏ గొడవా లేదు | చివరి గంటల్లో తెరిపి | పోయేవాడే తనకు తాను చెప్పుకుంటాడు | 100 లోపు |

తండ్రులూ కొడుకులూ: చదువుకున్న కొడుకు ఇంటికొస్తే

కథ 1859 మే నెలలో మొదలవుతుంది. సెర్ఫుల (జమీందారుల సొత్తుగా బతికిన రైతుల) విముక్తికి ఇంకా రెండేళ్లు ఉంది. చదువు ముగించుకుని ఇంటికొస్తున్న అర్కాదీ తన వెంట బజారోవ్ అనే స్నేహితుణ్ణి తీసుకొస్తాడు. డాక్టరు కావాల్సినవాడు, కప్పల్ని కోసి చూస్తుంటాడు, దేన్నీ నమ్మడు: దేవుణ్ణి, కవిత్వాన్ని, పెద్దల మాటని. అర్కాదీ పెదనాన్న పావెల్ పెత్రోవిచ్‌కి అతన్ని చూస్తేనే ఒళ్లు మంట. టీ తాగుతూ మొదలైన వాదన చివరికి పిస్తోళ్ల దాకా వెళ్తుంది.

అందరూ ఈ వాదనల గురించే మాట్లాడతారు కానీ, పుస్తకం ప్రాణం బజారోవ్ సొంత తల్లిదండ్రుల దగ్గర ఉంది. మూడేళ్ల తర్వాత ఇంటికొచ్చిన కొడుకు మూడు రోజులుండి వెళ్లిపోతాడు. సైన్యంలో వైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న తండ్రి వసీలీ ఇవానోవిచ్, కొడుక్కి ఎక్కడ విసుగొస్తుందో అని ప్రేమను కూడా దాచుకుంటాడు. తల్లి అరీనా వ్లాస్యెవ్నాది చాదస్తం నిండిన భక్తి. తర్వాత టైఫస్‌తో చనిపోయిన రైతు శవాన్ని కోస్తూ బజారోవ్ వేలు తెగుతుంది, విషం ఎక్కుతుంది. చావుకి ముందు పూజారి చేసే చివరి సంస్కారం చేయించుకోమని తండ్రి బతిమాలితే, స్పృహ తప్పాక ఎలాగూ చేస్తారుగా, అప్పుడు చేయించండి అంటాడు. అలాగే చేయిస్తారు. పవిత్ర తైలం ఛాతీకి తగిలినప్పుడు ఒక కన్ను తెరుచుకుంటుంది, ముఖంలో భయంలాంటిదేదో కదిలి పోతుంది. కొడుకు పోయాక పిడికిలి బిగించి దేవుడిమీద తిరగబడతానని అరిచేది మాత్రం నాస్తికుడు కాదు, ఆ భక్తుడైన తండ్రే. అతని మెడకు వేలాడుతూ భార్య, ఇద్దరూ కలిసి నేలమీద సాష్టాంగపడిపోతారు.

లోపాలూ ఉన్నాయి. మధ్యలో ఒదింత్సోవా అనే వితంతువు ఇంట్లో నడిచే ప్రేమ వ్యవహారం కాస్త సాగదీతగా అనిపిస్తుంది. విశ్వాసం గురించి లోతైన చర్చ కావాలంటే ఇక్కడ దొరకదు. కానీ పాత్రలు తక్కువ, వాక్యం తేలిక, ఎవర్నీ వెధవని చేయడు. పిల్లలు పై చదువులకని దూరదేశం వెళ్లి, వచ్చినప్పుడల్లా సెలవు రోజులు లెక్కపెట్టుకునే ఇళ్లవాళ్లు దీన్ని పొడి కళ్లతో ముగించలేరు.

అన్నా కరేనినా: క్షమించడం ఎంతకాలం నిలుస్తుంది

దీన్ని రైలు కింద పడిన ఆడమనిషి కథగా మాత్రమే ఎరిగినవాళ్లు సగం పుస్తకమే ఎరుగుదురు. ఆ రైలు ముగింపుకు ఓ నిజ సంఘటన ఆధారం: 1872 జనవరిలో టాల్‌స్టాయ్ పొరుగువాడితో ఉంటున్న అన్నా పిరోగోవా అనే స్త్రీ యాసెన్కీ స్టేషన్‌లో రైలు కింద పడి చనిపోయింది, టాల్‌స్టాయ్ వెళ్లి ఆ శవాన్ని చూశాడు.

పగ తీర్చడం నా పని అని దేవుడు చెప్పిన బైబిల్ వాక్యం పుస్తకం మొదట్లోనే ఉంటుంది. అది ఎవరికి హెచ్చరిక, భర్తను కాదని ఇంకొకణ్ణి ప్రేమించిన అన్నాకా, ఆమెమీద రాళ్లు వేసే సంఘానికా? వందేళ్లు దాటినా ఈ తగువు తెగలేదు. నేను రెండోదానివైపే ఉంటాను, ఎందుకంటే నవలలో భక్తి పేరుతో అందరికంటే ఎక్కువ హాని చేసేది లిదియా ఇవానొవ్నా అనే పెద్దింటి భక్తురాలు. బతికున్న తల్లిని చనిపోయిందని అన్నా కొడుకు సెర్యోజాకి చెప్పేంత భక్తి ఆమెది.

భర్త కరేనిన్‌ది ఇంకా వింత దారి. కాన్పు తర్వాత జ్వరంతో అన్నా చావు అంచుకు చేరినప్పుడు అతను నిజంగా క్షమిస్తాడు. నటన కాదు, లోపలినుంచి వచ్చిన క్షమ. ఆమె బతుకుతుంది. ఆ క్షమను పట్టుకుని రోజూ ఎలా కాపురం చెయ్యాలో ఎవరికీ తెలియదు. చివరికి అదే మనిషి, ఓ ఫ్రెంచి సోదెగాడు నిద్రలో గొణిగినదాన్ని ఆధారం చేసుకుని విడాకులు ఇవ్వనంటాడు. అప్పటి రష్యాలో విడాకులు చర్చి చేతిలో ఉండేవి, వ్యభిచారం రుజువైన పక్షానికి మళ్లీ పెళ్లి హక్కు ఉండదు. అన్నా ఇరుక్కున్న బోను ఎంత గట్టిదో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

ఐదో భాగంలో, కొడుకు పుట్టినరోజు పొద్దున్నే అన్నా దొంగలా పాత ఇంట్లోకి వెళ్తుంది. ముందురోజు దుకాణంలో ఏరి ఏరి కొన్న బొమ్మల పొట్లం చేతిలో ఉంటుంది. పిల్లాణ్ణి ముద్దాడటంలో, భర్త వచ్చేస్తాడన్న కంగారులో ఆ పొట్లం విప్పనే విప్పదు, అలాగే వెనక్కి పట్టుకొచ్చేస్తుంది. టాల్‌స్టాయ్ వ్యాఖ్యానం పెంచకుండా అక్కడ ఆపేస్తాడు.

మిగతా సగం పల్లెటూరి జమీందారు లెవిన్‌ది. పెళ్లి కావాలంటే పాపనివేదన చేసినట్టు కాగితం తేవాలి. వెళ్లి, దేవుడున్నాడో లేదో సందేహమే అని ముసలి పూజారికి నిజం చెప్పేస్తాడు. చివరికి ఒక రైతు మామూలుగా అన్న మాటతో అతనికి దారి కనిపిస్తుంది. వ్యవసాయం గురించి, స్థానిక పాలన గురించి పేజీలకు పేజీలు నడుస్తాయి, ముందే చెబుతున్నాను. కోత కోసే అధ్యాయాలు మాత్రం దాటేయకండి.

గొలవ్ల్యోవ్ కుటుంబం: జపమాల పట్టుకున్న జలగ

ఐదింటిలో మన దగ్గర తక్కువమంది చెప్పుకునేది ఇదే. నాకు అడిగే అవకాశం ఉంటే, నలభై దాటినవాళ్లందరి చేతా దీన్నే ముందు చదివిస్తాను.

అరీనా పెత్రోవ్నా అనే జమీందారిణి, పనికిమాలిన మొగుణ్ణి పక్కనపెట్టి, పైసా పైసా కూడబెట్టి ఆస్తి పెంచింది. ఆమె నేలమాళిగలు తిండితో కిటకిటలాడుతుంటాయి. కానీ ముందు పాతది అయిపోవాలని నియమం. కాబట్టి ఎప్పుడూ వాసనొచ్చినదే వడ్డనకొస్తుంది, ఈలోగా తాజాది పాతబడుతుంది. అంతా పిల్లల కోసమేనంటుంది, ఆ పిల్లలకే పెట్టదు. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన పెద్దకొడుకు స్తెపాన్‌ని ఒక గదిలో పడేసి, మిగిలిపోయినవి పంపిస్తుంది. తాగి తాగి పోతాడు.

రెండోవాడు పోర్ఫిరీ. చిన్నప్పుడే స్తెపాన్ పెట్టిన పేరు యూదుష్కా, అంటే బుల్లి యూదా (క్రీస్తుని పట్టిచ్చిన శిష్యుడి పేరు). ఆ పేరే నిలిచింది. నోరు తెరిస్తే దేవుడు, అమ్మగారు, ప్రేమ, బుజ్జగింపు. పటాల ముందు గంటలు గంటలు ప్రార్థన. ఆ మాటల తీపిలోనే ఒక్కొక్కరి ఊపిరీ తీస్తాడు. ఇంకో తమ్ముడు పావెల్ చనిపోయి, ఇల్లు యూదుష్కా పరమై, ముసలి తల్లి మనవరాళ్లతో బండెక్కి వెళ్లిపోతుంటే, అతని బెంగ ఒక్కటే: ఈ బండి సంగతేంటి, మీరే తిప్పి పంపిస్తారా, నేను మనిషిని పంపనా అని. బండి నాదిరా అని తల్లి కేక పెడుతుంది. వాటాల పంపకంలో ఇత్తడి బిందె దగ్గర తగువు తెగని ఇళ్లు చూసినవాళ్లకి ఈ సన్నివేశం విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత యూదుష్కా కొడుకు పెతెంకా వస్తాడు. రెజిమెంటు డబ్బు మూడువేల రూబుళ్లు పేకాటలో పోగొట్టాడు, కట్టకపోతే శిక్ష. తండ్రి దగ్గర డబ్బుంది. నువ్వు చేసుకున్న చిక్కు నువ్వే విప్పుకో అని సుద్దులు చెబుతాడు తప్ప ఇవ్వడు. అంతవరకూ కిమ్మనని నాయనమ్మ అరీనా పెత్రోవ్నా అప్పుడు లేచి కొడుకుని శపిస్తుంది.

హిపోక్రసీ మీద మనకి వెటకారం చాలా ఉంది, దొంగ స్వాముల కథలు కొల్లలు. వాటిలో దొంగకి తాను దొంగనని తెలుసు. యూదుష్కాకి తెలియదు, అక్కడే భయమేస్తుంది. అతను తన ప్రార్థన నిజమనే అనుకుంటాడు. చివరి పేజీల్లో, ఈస్టర్‌కి ముందు పవిత్ర వారంలో సువార్త విన్న రాత్రి, ఆ మాటల అర్థం అతనికి మొదటిసారి తగులుతుంది. అది మార్పో, ఆలస్యంగా వచ్చిన మరో పిచ్చో మీరే తేల్చుకోవాలి.

ఇందులో ఇష్టపడటానికి ఒక్క మనిషి లేడు. యూదుష్కా వాగుడు పేజీల తరబడి సాగి, చదివేవాళ్లకే ఊపిరాడదు. రచయిత కోరుకున్నదీ అదే. మనసు బాగోలేని రోజుల్లో ముట్టుకోకండి. అధ్యాయాలు మొదట విడి కథలుగా వచ్చాయి కాబట్టి ఒక సౌకర్యం ఉంది: ‘కుటుంబ న్యాయస్థానం’ అనే మొదటి అధ్యాయం ఒక్కటే చదివి చూడండి, నచ్చకపోతే అక్కడితో ఆపినా ఒక పూర్తి కథ చదివినట్టే.

కరమజోవ్ సోదరులు: అదే మూడువేలు, వేరే ఇల్లు

ఒకే ఏడాది వెలువడిన ఈ రెండు నవలల్లోనూ కొడుకు తండ్రిని అడిగే మొత్తం మూడువేల రూబుళ్లే. అనుకుని చేసింది కాకపోవచ్చు, కానీ పక్కపక్కన పెట్టి చదివితే రెండూ ఒకదాన్నొకటి వివరిస్తాయి. పెతెంకా తప్పు ఒప్పుకుని బతిమాలతాడు. ద్మీత్రీ కరమజోవ్ తల్లి ఆస్తిలో తనకింకా రావాల్సిందని హక్కుగా అడుగుతాడు. యూదుష్కా ప్రార్థనతో కాదంటాడు. ద్మీత్రీ తండ్రి ఫ్యోదోర్ పావ్లోవిచ్ కరమజోవ్‌కి ఆ ముసుగు కూడా అక్కర్లేదు. మఠంలో గురువు జోసిమా ముందే కోతిచేష్టలు చేస్తాడు, కొడుకు మోజుపడ్డ గ్రూషెంకా కోసమే మూడువేలు కవరులో పెట్టి రిబ్బను కడతాడు. ఇద్దరు తండ్రుల్లో నాకు ఫ్యోదోరే నయం అనిపిస్తాడు. అతని పాపం కనీసం పాపంలాగే కనిపిస్తుంది.

రెండో కొడుకు ఇవాన్ వాదన ఈ పుస్తకానికి వెన్నెముక. ఈ వాదనలో దేవుడు లేడని అతను అనడు. చిన్నపిల్లల కన్నీళ్ల మీద కట్టే స్వర్గం నాకొద్దు, టికెట్టు మర్యాదగా తిరిగి ఇచ్చేస్తున్నా అంటాడు. దీనికి జవాబు రాయగలనా అని దోస్తొయెవ్‌స్కీయే భయపడ్డాడు. ఆ భయం వెనక సొంత దుఃఖం ఉంది. 1878 మేలో అతని కొడుకు అల్యోషా మూడేళ్లు నిండకుండానే మూర్ఛరోగంతో పోయాడు. తర్వాతి నెల తత్వవేత్త సొలొవ్యోవ్‌తో కలిసి ఆప్తినా మఠానికి వెళ్లి అంబ్రోసీ అనే వృద్ధ సన్యాసిని కలిశాడు. నవలలో జోసిమా దగ్గరికి ఏడుస్తూ వచ్చే ఒక పల్లెటూరి తల్లి ఉంటుంది. ఆమె కొడుకు మూడేళ్లకి మూడు నెలలు తక్కువలో పోయాడు, పేరు అలెక్సీ. ఏడుపు ఆపమని జోసిమా చెప్పడు, ఏడువు అంటాడు.

వాదనలకు భయపడేవాళ్లు రెండువందల రూబుళ్ల సన్నివేశం చూడండి. ద్మీత్రీ గడ్డం పట్టి వీధిలో ఈడ్చిన పేద కెప్టెన్ స్నెగిర్యోవ్‌కి ద్మీత్రీ తమ్ముడు అల్యోషా ఆ డబ్బు ఇస్తాడు. కెప్టెన్ పొంగిపోతాడు, భార్యకి వైద్యం, కూతురికి పీటర్స్‌బర్గ్ ప్రయాణం అంటూ కలలు కంటాడు. ఉన్నట్టుండి నోట్లు నలిపి ఇసుకలో వేసి తొక్కుతాడు. మా అవమానానికి డబ్బు తీసుకుంటే నా కొడుక్కి ఏం చెప్పను అని పరిగెడతాడు. ఆ కొడుకు ఇల్యూషా కథే పుస్తకం చివర్లో మనల్ని పట్టుకుంటుంది.

చాలామంది ఐదో పుస్తకంలో (నవలలోని విభాగాల పేరే ‘పుస్తకం’) ఇవాన్ చెప్పే ‘మహా విచారణాధికారి’ కథ దాకా చదివి, అదే శిఖరం అనుకుని ఆపేస్తారు. అలా ఆపితే ఇవాన్ ఒక్కడి పక్షమే విన్నట్టు. ఆరో పుస్తకాన్ని దోస్తొయెవ్‌స్కీ దానికి జవాబుగానే రాశాడు. ఏడోదాంట్లో జోసిమా శవం వాసన రావడం, అల్యోషా కదిలిపోవడం వస్తాయి. అసలు పరీక్ష అక్కడుంది.

ఇవాన్ ఇల్యీచ్ మరణం: టైం లేనివాళ్లకి

పన్నెండు చిన్న అధ్యాయాలు, ఒక ఆదివారం చాలు. నలభై అయిదేళ్ల న్యాయాధికారి, కర్టెన్లు సర్దబోయి జారి దెబ్బ తగిలించుకుంటాడు, నెమ్మదిగా చావుకి దగ్గరవుతాడు. ఇంట్లో ఎవరూ కేకలేసుకోరు, అందరూ మర్యాదగా అబద్ధమాడతారు. శవం పక్క గదిలో ఉండగా భార్య పింఛను ఇంకాస్త రాబట్టడం ఎలా అని వాకబు చేస్తుంది. నిజాయితీగా ఉన్నది ఒక్కడే, రోగి కాళ్లని రాత్రంతా భుజాల మీద మోసే పనివాడు గెరాసిం.

ఎవరికి ఏది

భక్తి ఉండి, ప్రశ్నలకి భయపడనివాళ్లు కరమజోవ్‌కి వెళ్లండి, కానీ తుర్గేనెవ్ ముగించాకే. వసీలీ ఇవానోవిచ్ పిడికిలి చూసినవాళ్లకి ఇవాన్ తిరుగుబాటు కొత్తగా అనిపించదు, బాగా తెలిసిన బాధలా అనిపిస్తుంది. దేవుడి మీద నమ్మకం లేనివాళ్లకి కూడా కరమజోవే చెబుతాను. నాస్తిక వాదనని అంత బలంగా రాసినవాడు భక్తుడే అని తెలియడం బాగుంటుంది.

భక్తి పేరుతో దెబ్బతిన్నవాళ్లకి, ఇంట్లో పెద్దల పూజలు చూసి ఒళ్లు మండినవాళ్లకి గొలవ్ల్యోవ్. పెళ్లిలో ఇరుక్కున్నవాళ్లు, బయటపడ్డవాళ్లు అన్నా దగ్గరికి వెళ్లండి, అయితే నీతులు వెతకడానికి కాదు. ఇంట్లో జబ్బుమనిషి ఉంటే ఇవాన్ ఇల్యీచ్ ఇప్పుడు వద్దు, తర్వాత.

బుక్ క్లబ్ వాళ్లకి తుర్గేనెవ్ లాంటిది లేదు. తల్లిదండ్రులూ పిల్లలూ ఒకే గదిలో కూర్చుని చదివితే పోట్లాట ఖాయం, పుస్తకం మాత్రం ఎవరి వైపూ చేరదు.

పేర్ల సంగతి. తండ్రి పేరుని మధ్యలో చేర్చి పిలవడం అక్కడి మర్యాద: అలెక్సీ ఫ్యోదోరొవిచ్ అంటే ఫ్యోదోర్ కొడుకు అలెక్సీ. ఇంట్లో పిలిచేటప్పుడు అతనే అల్యోషా, ద్మీత్రీ అయితే మీత్యా. ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారో గమనిస్తే వాళ్లమధ్య చనువెంతో, కోపమెంతో తెలిసిపోతుంది. ఓ కాగితం మీద పాత్రల చిట్టా రాసి పుస్తకంలో పెట్టుకోండి.

మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు రష్యన్ పుస్తకాలు తెలుగులో తెచ్చి, విశాలాంధ్ర దుకాణాల ద్వారా కారుచౌకగా అమ్మిన కాలం ఒకటుంది. ఆ ప్రతులు ఇప్పుడు దొరికితే అబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల వరసలో దొరకాలి. ఇంగ్లీషులో చదివేవాళ్లకి కాన్‌స్టాన్స్ గార్నెట్ చేసిన పాత అనువాదాలు నెట్‌లో ఉచితం: తుర్గేనెవ్, అన్నా, కరమజోవ్ మూడూ ఉన్నాయి. భాష పాతదే, కానీ ఆగకుండా నడుస్తుంది. డబ్బు పెట్టి కొంటే కొత్త అనువాదాలు రెండు మూడింటి మొదటి పది పేజీలు పోల్చి చూసుకోండి, కరమజోవ్‌కైతే ఫ్యోదోర్ పావ్లోవిచ్ కోతిచేష్టల దగ్గర నవ్వొచ్చినదాన్ని తీసుకోండి.